రూతమ్మ సిస్టర్ పెట్టె స్టవ్వు

నాజియా ఏడాదిగా నన్ను పోరుతోంది. "తాతా, నువ్వు చెప్తాంటే మంచిగుంటది గని ఇంటికి పొయ్యేసరికి సగం మర్చిపోతాన్న. జర కాయితం మీద పెట్టు" అని.

నాజియా మా ఉస్తాద్ మనవరాలు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఇంకో స్నేహితురాలితో కలిసి హనుమకొండలో పాత ఇత్తడి స్టవ్వులూ లాంతర్లూ బాగుచేసే దుకాణం పెట్టుకుంది. నా పేరు యాకయ్య. వరంగల్‌లో నలభై ఏళ్లకు పైగా పంపు స్టవ్వులు బాగుచేసి, చేతులు వణకడం మొదలయ్యాక మానుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్లు నాజియాలాగే ఇంకొందరు ఉన్నారట. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

దుకాణం ఎప్పుడు పెట్టాను, ఎక్కడికి మార్చాను, ఏ ఆఫీసు చుట్టూ తిరిగాను అన్నవి ఇందులో లేవు. అవి మీకు పనికిరావు. నాకు పని నేర్పిన మనుషుల గురించి, నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, చివరి రోజుల్లో చేతికొచ్చిన ఒక చిన్న స్టవ్వు గురించి చెప్తాను.

ఏం వండుతరు?

మాది పరకాల దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ల దాకా పత్తి మిల్లులో పనిచేశాను. దూది దుమ్ముకు దగ్గు పట్టుకుని వదలలేదు. ఆ పని మానకపోతే ఊపిరితిత్తులు పోతాయని దవాఖానలో డాక్టరు చెప్పాడు. అప్పటికే నాకు పెళ్లయింది. మా మేనమామ నన్ను వెంటబెట్టుకుని వచ్చి, వరంగల్ మండీ బజార్‌లో మహబూబ్ ఉస్తాద్ ముందు నిలబెట్టాడు.

ఉస్తాద్ అప్పుడు ఒక స్టవ్వు వెలిగించి దాని ముందు కూర్చుని ఉన్నాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"చెవులు మంచిగున్నయా?"

మిల్లులో పనిచేసినవాణ్ణి, చెవుల సంగతి నాకే అనుమానం. అయినా ఉన్నాయన్నాను.

"అయితే కూసో. ఇది ఏమంటాందో విను."

పంపు స్టవ్వును చూడని పిల్లలకు ఒక మాట. కింద ఇత్తడి ట్యాంకు ఉంటుంది. అందులో కిరోసిన్ పోస్తారు. మా వైపు దాన్ని గ్యాసునూనె అంటారు. ట్యాంకు పక్కనున్న పంపుతో గాలి కొడితే, నూనె మెడ గొట్టంలోంచి పైకెక్కి, వేడెక్కిన బర్నర్‌లో ఆవిరై, సన్నటి రంధ్రంలోంచి చిమ్ముకొచ్చి నీలంగా మండుతుంది. ఆ చిమ్మే చప్పుడే స్టవ్వు మాట. ఒకే తీరుగా వస్తే బాగున్నట్టు. తెగి తెగి వస్తే నూనెలో చెత్త. బుసబుసమంటూ మంట పసుపురంగుకు తిరిగితే బర్నర్ వేడెక్కలేదు. నెల రోజులు నేను చేసిందల్లా వినడమే.

ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉండేది. ఎవరు స్టవ్వు తెచ్చినా ముందు "ఏం వండుతరు?" అని అడిగేవాడు. మొదట్లో అది ఊసుపోని మాట అనుకున్నాను. ఒకసారి ఒకామె స్టవ్వు పొగ కక్కుతోందని తెచ్చింది. ఇంకో దుకాణంలో రెండుసార్లు బర్నర్ మార్చారట. ఉస్తాద్ ఎప్పటిలాగే అడిగాడు.

"అంబలి కాస్తం."

"ఏ గిన్నెల?"

"ఏ గిన్నె అయితేంది? గిన్నెకు, స్టవ్వుకు ఏం సంబంధం?"

"జర తెచ్చి చూపెట్టమ్మా."

ఆమె విసుక్కుంటూ ఇంటికి పోయి గిన్నె తెచ్చింది. ఏళ్ల తరబడి వాడి దాని అడుగు బయటికి ఉబ్బిపోయింది. స్టవ్వు మీద పెడితే ఆ ఉబ్బు బర్నర్‌కు ఆనుకుని మంటకు గాలి ఆడనివ్వడం లేదు. ఉస్తాద్ స్టవ్వును ముట్టుకోలేదు. గిన్నె ఆనే కాళ్లకు మూడు ఇనుప ముక్కలు తగిలించి ఎత్తు పెంచాడు. ఆమె మళ్లీ రాలేదు. మన పనిలో మళ్లీ రాకపోవడమే మెప్పు.

ఉస్తాద్ లోపం కూడా చెప్పాలి. ఆయనకు పని వచ్చు గాని నేర్పడం రాదు. ఏది అడిగినా "చూడు" అనేవాడు. ఎందుకట్లా చేస్తున్నాడో చెప్పేవాడు కాదు. రెండు నెలల్లో వచ్చే పని నాకు ఏడాది పట్టింది. నాజియా, రేపు నీ దగ్గర ఎవరైనా నేర్చుకుంటే చూడమని ఊరుకోకు. ఎందుకో కూడా చెప్పు.

ఆయన నోటితో చెప్పిన నియమం ఒకటే ఒకటి. "వేడి తగిలేకాడ సీసం టంకం వద్దు." సీసం టంకం తొందరగా కరుగుతుంది, తొందరగా అతుకుతుంది, చూడ్డానికి నున్నగా ఉంటుంది. కానీ మంట దగ్గర మళ్లీ అంతే తొందరగా కరుగుతుంది. మంట దగ్గర ఉండే అతుకుకు వెండి కలిసిన టంకమే వాడాలి. టంకం పాకేందుకు వెలిగారం పూసి, ఇత్తడిని ఎర్రబడే దాకా కాల్చాలి. కొంచెం ఎక్కువ కాలితే ఇత్తడే కుంగిపోతుంది. ఆ పని ఉస్తాద్ ఒక్కడే చేసేవాడు.

కొమురమ్మ చెయ్యి

నేను చేరిన మూడో ఏడు, శివరాత్రికి రెండు రోజుల ముందు, పాలకుర్తి నుంచి కొమురమ్మ వచ్చింది. గుట్ట కింద చాయ్ దుకాణం ఆమెది. భర్త లేడు. నడివయసు మనిషి, గట్టి గొంతు. బర్నర్ గొట్టం ట్యాంకుకు అతికే మెడ దగ్గర ఆమె స్టవ్వుకు వెంట్రుకంత బీట పడింది.

ఉస్తాద్ ఊళ్లో లేడు. రెండు రోజుల దాకా రాడు.

"ఎల్లుండి జాతర తమ్మీ" అంది కొమురమ్మ. "ఏడాదిల నాకు గవ్వే నాలుగు దినాలు. నీతోని అయితదా, కాదా?"

వెండి టంకం నాకు రాదు. రెండుసార్లు పనికిరాని ట్యాంకు మీద ప్రయత్నించి రెండుసార్లూ ఇత్తడిని కరగబెట్టాను. ఆ మాట చెప్పడానికి సిగ్గనిపించింది.

"అయితదక్కా" అన్నాను.

సీసం టంకం పెట్టాను. చాలా నున్నగా వచ్చింది. ట్యాంకులో గాలి కొట్టి నీళ్ల బకెట్‌లో ముంచి చూశాను. ఒక్క బుడగ రాలేదు. నీళ్ల బకెట్‌లో నిప్పు ఉండదన్నది నాకు తెలుసు. తెలిసే కళ్లు మూసుకున్నాను. ఆమె సంతోషంగా తీసుకుపోయింది.

జాతర రెండో రోజు పొద్దున్నుంచి ఆ స్టవ్వు ఆగకుండా మండింది. మెడ దగ్గర సీసం కరిగి, నూనె చిమ్మి అంటుకుంది. కొమురమ్మ కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. పక్క దుకాణంవాళ్లు గోనెసంచులూ ఇసుకా వేసి ఆర్పారు. ఆమె మరిది ఆమెను వరంగల్ దవాఖానలో చేర్చి, స్టవ్వును సంచిలో పెట్టుకుని నేరుగా మా దుకాణానికి వచ్చాడు.

అప్పటికి ఉస్తాద్ ఊరి నుంచి వచ్చేశాడు. స్టవ్వు చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర గడ్డకట్టిన బూడిదరంగు చుక్కను గోరుతో గీకాడు.

"గీ టంకం ఎవరిది?"

"నాది ఉస్తాద్."

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన దుకాణానికి తాళం వేశాడు.

"నడువ్" అన్నాడు.

దవాఖానలో కొమురమ్మ గోడకు ఒరిగి కూర్చుని ఉంది. చేతికి తెల్లటి కట్టు. ఉస్తాద్ తలుపు దగ్గరే ఆగిపోయి "నువ్వే చెప్పు" అన్నాడు.

"అక్కా, తప్పు నాది. అక్కడ పెట్టాల్సిన టంకం నాకు రాదు. రాదని తెలిసి కూడ అయితదన్న."

ఆమె కట్టున్న చెయ్యిని ఒళ్లో సర్దుకుంది.

"రాదని చెప్తే ఏమైతుండె తమ్మీ? కట్టెల పొయ్యి మీద పెట్టుకుందును. జర పొగ వస్తుండె, గంతే గదా."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఉస్తాద్ లోపలికి వచ్చి అడిగాడు. "దుకాణం ఎవరు చూస్తాన్రు చెల్లె?"

"ఎవ్వరు లేరన్నా. మరిది ఉండేది వేరే ఊర్ల. మా అత్త ఒక్కతే ఉంది. ఆమెకు కండ్లు సరిగ ఆనవు."

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "రేపు పొద్దుగాల బస్సుకు పాలకుర్తి పో. ఈమె చెయ్యి మానేదాక చాయ్ నువ్వు కాయాలె."

అయిదు వారాలు కాశాను, కట్టెల పొయ్యి మీద. నా చాయ్ ఘోరంగా ఉండేది. కొమురమ్మ అత్త మొదటి రోజే ఒక గుక్క తాగి కిందికి పోసింది. "ఇది చాయా, కుడితా? బర్రెకు పొయ్యి" అంది. జాతరకొచ్చిన వాళ్లు వెళ్లిపోయాక, ఊరివాళ్లు పాపం అని తాగేవాళ్లు. మూడో వారానికి ఆ ముసలావిడ గ్లాసు పూర్తిగా ఖాళీ చేసింది.

ఆ అయిదు వారాలు నాకు శిక్ష అనుకుంటూ పోయాను. కానీ దుకాణంలో మూడేళ్లు కూర్చున్నా తెలియనివి అక్కడ తెలిశాయి. గుట్ట మీది గాలి సరిగ్గా పొయ్యి పెట్టే మూల మీదికే కొడుతుంది. గ్లాసులు కడిగిన తడిచేతులతోనే పంపు కొడతారు, పిడి జారుతుంది. గిరాకీ నిలబడి ఉంటే స్టవ్వు చల్లారే దాకా ఆగరు, వేడి ట్యాంకులోనే నూనె పోస్తారు. తిరిగొచ్చాక ప్రతి పంపు పిడికీ ఆకురాయితో గాట్లు పెట్టడం మొదలుపెట్టాను. చాయ్ దుకాణాల స్టవ్వులకు నూనెడబ్బా రేకుతో గాలికి అడ్డు చేసిచ్చాను. ఇంకెవరూ అట్లా చెయ్యని రోజుల్లో అది మా దుకాణం గుర్తు అయింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే పాలకుర్తిలో అనేవాణ్ణి.

కొమురమ్మ తిరిగొచ్చిన రోజు నా చాయ్ తాగి "పర్వాలే" అంది. ఆమె చేతి మీద చర్మం ముడతలు పడి మెరుస్తోంది. లోపలికి పోయి, కాలిన ఆ స్టవ్వునే తెచ్చి నా ముందు పెట్టింది.

"చెడగొట్టింది నువ్వే. బాగు గూడ నువ్వే చెయ్యాలె."

"ఉస్తాద్‌తోని చేయిస్తనక్కా."

"వద్దు. నువ్వే."

"నీకు భయం కాదా?"

"అయితది. గందుకే నీకు ఇస్తాన్న. నీకు గూడ అయితది గదా."

ఆ రోజు నుంచి ఉస్తాద్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మొదటిసారి మాటలతో నేర్పాడు. మంట ఎంత దూరంలో ఉండాలి, ఇత్తడి ఏ రంగుకు వచ్చినప్పుడు టంకం తీగ తాకించాలి, ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పనికిరాని ట్యాంకులు తొమ్మిది పాడుచేశాక వచ్చింది. పదోది కొమురమ్మ స్టవ్వు. గ్యాసు వచ్చేదాకా ఆమె దాని మీదే చాయ్ కాసింది. అటు పోయినప్పుడల్లా నేను ఆగి తాగేవాణ్ణి. నన్ను మెకానిక్‌ను చేసింది ఉస్తాదే. కానీ నోటితో "నాకు రాదు" అనడం నేర్పింది మాత్రం కొమురమ్మ. ఇద్దరికీ నేను రోజూ మనసులో దండం పెట్టుకుంటాను.

గ్యాసు బండ వచ్చాక

పాత స్టవ్వులు పోయాయని బాధపడేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. పంపు స్టవ్వు అందమైనదే గాని కోపిష్ఠిది. దానితో కాలిన చేతులు నేను చూశాను. ఇంటింటికీ గ్యాసు బండ రావడం మంచిదే అయింది, నా పని తగ్గినా సరే.

ఉస్తాద్ మాత్రం చివరి దాకా నోటితో ఒప్పుకోలేదు. ఇంట్లోకి గ్యాసు రానివ్వనన్నాడు. ఆయన భార్యను నేను అమ్మీ అని పిలిచేవాణ్ణి. ఆమె ఆయనకు చెప్పకుండా తెప్పించి వంటింట్లో తెర వెనక పెట్టించింది. ఆ మధ్యాహ్నం అన్నానికి నేనూ ఉన్నాను. ఉస్తాద్ తింటూ "ఇయ్యాల కూర జల్దీ అయింది, రుచి గూడ మంచిగున్నది. స్టవ్వు సర్వీసింగ్ చేసింది ఎవరు?" అన్నాడు. అమ్మీ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తల ఎత్తలేదు. ఆయనకు నిజం తెలిసేసరికి నెల గడిచింది. తెలిశాక గ్యాసును ఉండనిచ్చి, తెర మాత్రం తీసేయించాడు.

ఆయన పోయాక దుకాణం నేను నడిపాను. మిక్సీలూ గ్యాసు పొయ్యిలూ చేశాను. తర్వాత చేతులు వణకడం మొదలైంది. అదే సమయంలో, తుక్కు కింద పోవాల్సిన ఇత్తడి స్టవ్వులను ఏరి తెచ్చి మెరిపించే పని నాజియా మొదలుపెట్టింది. వాటిని కొనుక్కుని అడవుల్లోకీ కొండల మీదికీ పట్టుకుపోయే వాళ్లు ఉన్నారని విని నేను నవ్వాను. కట్టెల పొయ్యి తప్పించుకోవడానికి కనిపెట్టిన దాన్ని సరదాకు మోసుకుపోతారా అని. తర్వాత పొద్దున్న పూట నేనే పోయి ఆమె దుకాణంలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

పెట్టె స్టవ్వు

నిరుడు వానాకాలం ఒక పెద్దామె ఆటో దిగి నాజియా దుకాణానికి వచ్చింది. తెల్ల చీర, వీపు వంగలేదు. ఎనభైకి దగ్గరగా ఉంటుంది. చేతిలో బిస్కెట్ డబ్బాకంటే కొంచెం పెద్ద రేకు పెట్టె.

"నా పేరు రూతమ్మ. నర్సంపేట దిక్కు ఊర్లల్ల సూదుల సిస్టర్ అంటే తెలుస్తది" అంది.

పెట్టె తెరిచింది. లోపల చిన్న ఇత్తడి ట్యాంకు, విడదీసి పెట్టిన మూడు కాళ్లు, బర్నర్, స్పిరిట్ సీసా. అన్నీ విప్పి పెట్టెలో సర్దుకుని చంకన పెట్టుకుపోయే రకం స్టవ్వు. వీటిని మేము పెట్టె స్టవ్వులనేవాళ్లం. నా జీవితంలో నాలుగో అయిదో చూసి ఉంటాను.

ఆమె నర్సు ఉద్యోగంలో చేరినప్పుడు పై డాక్టరమ్మ ఇచ్చిందట. అప్పట్లో సూదులూ గాజు సిరంజీలూ పారేసేవి కావు. ప్రతి ఊళ్లో నీళ్లు మరిగించి, వాటిని ఇరవై నిమిషాలు ఉడికించాకే టీకాలు వెయ్యాలి. బస్సు పోయినంత దూరం బస్సులో, తర్వాత నడిచి, ఈ పెట్టె మోసుకుని ఆమె ముప్ఫై ఏళ్లు తిరిగింది.

"నర్సింగ్ చదివే పిల్లలతోని మాట్లాడమని పిలిచిన్రు. ఉత్త మాటలు చెప్తే వింటరా? దీన్ని వెలిగించి చూపెడ్త."

నేను స్టవ్వు విప్పి చూశాను. పంపులోని తోలు వాషరు అప్పడంలా ఎండిపోయింది. ట్యాంకు అడుగున పాత నూనె బెల్లంపాకంలా గట్టిపడింది. బర్నర్ రంధ్రం పూడిపోయింది. ఇవన్నీ చిన్న సంగతులే. మెడ దగ్గర మాత్రం బీట ఉంది. ఎవరో ఎప్పుడో దాని మీద బూడిదరంగు టంకం పూశారు.

గోరుతో గీకి చూశాను. అది సీసం. ఇరవై నిమిషాలు మంట మండితే ఆ ముసలామె మీదికి, ముందు వరసలో కూర్చున్న పిల్లల మీదికి నూనె చిమ్ముతుంది.

"అమ్మా, దీన్ని తళతళ మెరిపించి ఇస్తం. వెలిగించకుంట చూపెట్టు" అన్నాను.

"వెలగని పొయ్యి చూపెట్టి నేనేం చెప్పను తమ్మీ?"

"వెలగాలంటే మెడ ఎర్రగ కాల్చి వెండి టంకం పెట్టాలె. ఇత్తడి పల్చగున్నది, కుంగిపోవచ్చు. నాకు ఆ పని వచ్చు. కాని చెయ్యి వణుకుతాంది. నేను చెయ్యను."

ఆమె నాజియా వైపు తిరిగింది. "నువ్వు చేస్తవా బిడ్డా?"

నాజియా నా మొహం చూడలేదు. అది నాకు నచ్చింది. కాసేపు స్టవ్వునే తిప్పి తిప్పి చూసింది.

"ఇంత పల్చటి ఇత్తడి ఎన్నడు చెయ్యలే అమ్మమ్మా. ఇసొంటివే తుక్కువి తెచ్చుకుని ముందుగాల వాటి మీద చేస్త. వచ్చిందంటే మీది ముట్టుకుంట. రాలేదంటే రాలేదని చెప్త. అప్పటిదాక ఆగుతరా?"

"నేను ఆగుడుకే పుట్టిన. చెయ్యి" అంది రూతమ్మ సిస్టర్.

నాజియా మూడు తుక్కు ట్యాంకులు పాడుచేసింది. నేను పక్కన కూర్చుని రంగు చెప్పేవాణ్ణి. "ఇంకా లేదు... ఇంకా... ఇగో, ఇప్పుడు." నాలుగోది నిలబడింది. అయిదోదీ నిలబడింది. ఆరోది కూడా నిలబడ్డాకే సిస్టర్ స్టవ్వు బల్ల మీద పెట్టింది. పాత సీసం అణువు కూడా మిగలకుండా గీకి తీసింది. సీసం మిగిలిన చోట ఎర్రగా కాలిస్తే అది ఇత్తడిని తినేస్తుంది. వెలిగారం పూసి, మంట దగ్గరికి తెచ్చింది. నేను నోరు తెరిచేలోపే తీగ తాకించింది, నేను చెప్పబోయిన క్షణంలోనే. టంకం నీళ్లలా బీట చుట్టూ పాకింది. ఆమె చెయ్యి ఉస్తాద్ చెయ్యిలాగే వెనక్కి వచ్చింది. ఉస్తాద్ లేని లోటు ఆ పూట నాకు తెలియలేదు.

మిగిలిన పని నేను చేశాను. చాకలి సోడా కలిపిన వేడినీళ్లు పోసి, సన్నటి గులకరాళ్లు వేసి గిలకొట్టి లోపలి జిడ్డు వదిలించాను. పాత చెప్పు తోలుతో కొత్త వాషరు కోసి, ఒక రోజంతా ఆముదంలో నానబెట్టాను. నీళ్లలో పరీక్ష పెట్టాం. ఆ తర్వాత పెరట్లో, చుట్టూ ఇసుక పోసి, మేము దూరంగా నిలబడి, మూడు రోజులు రోజుకో గంట మండించాం. ఎక్కడా చెమ్మ రాలేదు.

సొట్ట

ఒక్క విషయంలో నాజియాకూ నాకూ మాట పట్టింపు వచ్చింది. ట్యాంకుకు ఒక పక్క రూపాయి బిళ్లంత సొట్ట ఉంది. దాన్ని లోపల్నుంచి ఎత్తి చదును చేసి, అద్దంలా మెరిపిస్తానంది నాజియా. సొట్టతో ఇస్తే పని సగం చేసినట్టుంటుందని ఆమె బాధ. బలంగా ఎత్తితే పల్చటి ఇత్తడి చీలుతుందని నా భయం. చివరికి సిస్టర్‌నే అడిగాం.

"దాని జోలికి పోకున్రి" అంది ఆమె గబుక్కున.

అడవి పక్కనున్న ఒక ఊళ్లో, సూదులు వేస్తే పిల్లలకు జ్వరం వచ్చి చచ్చిపోతారని పుకారు పుట్టిందట. స్టవ్వు మీద నీళ్లు కాగుతుంటే ఒక మనిషి వచ్చి కాలితో తన్నాడు. స్టవ్వు రాతి మీద పడి ఆరిపోయింది. ఆమె లేచి, చల్లారాక తుడిచి, మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ వెలిగించింది. ఆ మనిషి కదలకుండా అక్కడే నిలబడి చూశాడట.

"నీళ్లు మసిలినయ్. ముందుగాల నా చేతికే సూది గుచ్చుకుని చూపెట్టిన. అప్పుడు ఆయన ఇంట్లకు పోయి బిడ్డను ఎత్తుకొచ్చిండు. సాయంత్రం పక్కూరికి ఈ పెట్టె మోసుకొచ్చింది గూడ ఆయనే, నెత్తి మీద పెట్టుకుని."

నాజియా ఆ సొట్టను చింతపండుతో మెల్లగా తోమింది, అంతే. నాకు నలభై ఏళ్ల పని తర్వాత తెలిసిన సంగతి ఇది. పాత వస్తువు మీద ఏది లోపమో, ఏది దాచుకోవాల్సిన గుర్తో మనకు కనబడదు. సొంతదారును అడగాలి. ఉస్తాద్ "ఏం వండుతరు?" అని అడిగినట్టే అడగాలి.

ఇరవై నిమిషాలు

నర్సింగ్ కాలేజీలో సిస్టర్ మమ్మల్ని కూడా రమ్మంది. గది లోపల వెలిగించడానికి నేను ఒప్పుకోలేదు. వరండాలో బల్ల వేయించి, రెండు బకెట్ల ఇసుక పెట్టించాను. ముందు వరసను నాలుగడుగులు వెనక్కి జరిపించాను. అరవై మంది దాకా ఆడపిల్లలు. సగం మంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

సిస్టర్ కాళ్లు బిగించింది, బర్నర్ పెట్టింది. ఆమె వేళ్లు ఏ ముక్క కోసమూ తడుముకోలేదు. బర్నర్ వేడెక్కడానికి దాని కిందున్న చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి అంటించి, అది ఆరబోయే ముందు పంపు కొట్టింది. ఒకసారి దగ్గినట్టు చప్పుడై నీలం మంట లేచింది. ఆ చప్పుడు ఒకే తీరుగా సాగుతుంటే నాజియా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

నీళ్లు మసిలాక గాజు సిరంజి, సూదులు అందులో వేసి, సిస్టర్ గడియారం చూసుకుని కుర్చీలో కూర్చుంది.

కాసేపటికి ఒక పిల్ల లేచి అడిగింది. "మేడమ్, ఇరవై నిమిషాలు గిట్ల ఊకెనే కూసుంటుండెనా? టైం వేస్ట్ గాదా?"

అందరూ నవ్వారు. సిస్టర్ కూడా నవ్వింది.

"ఊకెనే ఎందుకు బిడ్డా? గా ఇరవై నిమిషాలల్లనే నా పనంత. సూది వేసుడు ఒక్క క్షణం. నీళ్లు మసులుతాంటే చుట్టు చేరేటోళ్లు. ఏ ఇంట్ల పసిబిడ్డ ఉన్నది, ఎవరికి నెలలు నిండినయ్, ఎవరింట్ల జ్వరం, ఎవరు భయపడుతాన్రు, అన్ని గప్పుడే తెలిసేది. నేను గూడ నా సంగతులు చెప్పుకునేది. సిరంజి తీసేవరకు వాళ్లకు నేను ఎరికైన మనిషినైతుంటి. ఇప్పుడు మీకు సీల్ తీస్తె సూది రెడీ. మంచిదే. కాని గా ఇరవై నిమిషాలు యాడికెళ్లి తెచ్చుకుంటరో మీరే సోచాయించుకోవాలె."

ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. తర్వాత ఆమె అడగడం మొదలుపెట్టింది. నీ పేరేంది, మీదే ఊరు, హాస్టల్‌ల అన్నం మంచిగ పెడుతాన్రా, ఇంటికి పోయి ఎన్నొద్దులైతాంది. ఒక పిల్ల తన తల్లికి బాగులేదని చెప్పింది. పక్కనున్న అమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది.

టైం అయింది. సిస్టర్ ట్యాంకులోని గాలి వదిలే మర వదులు చేసింది. చప్పుడు సన్నబడి ఆగిపోయింది. పట్టకారుతో సిరంజిని ఎత్తి వెలుగులో చూసి, తెల్లటి గుడ్డ మీద పెట్టింది. ముందు వరసలో టైం వేస్ట్ అన్న పిల్ల వైపు చూసింది.

"ఆఁ, చెయ్యి చాపు."

అందరూ గొల్లుమన్నారు. సూదిలో మందు లేదని ఆ పిల్లకూ తెలుసు. అయినా నవ్వుతూనే లేచొచ్చి, చొక్కా చేతిని భుజం దాకా మడిచి, సిస్టర్ ముందు చెయ్యి చాపింది.